పగులు మీది గాజుముక్క

మా గోడ మీద రైల్వేవాళ్ళు ఒక గాజుముక్క అతికించిపోయిండ్రు,
పగులుకు అడ్డంగ,
ఇటంచుకు సిమెంటు చుక్క, అటంచుకు సిమెంటు చుక్క.
కింద ఎర్ర పెన్సిలుతో తేదీ.
"గాజు పగిలితే గోడ కదిలినట్టు,
పగలకుంటే పగులు పాతదే" అన్నడు
ఇంజనీరు పిలగాడు, నీళ్ళు తాగి, గ్లాసు కడిగి పెట్టి.

సఫిల్‌గూడ గేటుకు ఇవతల మా ఇల్లు.
రెండో లైను పడ్డంక
నా కుట్టుమిషనుకు పట్టాకు పదహారు అడుగులు. ఇదివరకు నలభై.
నా జాకిట్లన్నీ టైంటేబిలు ప్రకారం కుట్టినవే.
మేడ్చల్ బండి వచ్చేటాలకు కాలు తీస్త,
చంక కుట్టయితే గూడ్సు పోయెదాంక ముట్టనే ముట్ట,
సూది ఎగిరి బట్టను కరుస్తది.

డీజిలు నడిచినప్పుడు
దండెం మీది తెల్ల లంగాలకు పగటాళ్ళకు మసి మొలిచేది.
ఇప్పుడు కరెంటు బండి.
అబద్ధమెందుకు, దండెం తెల్లగనె ఉంటుంది,
అత్త దగ్గు మందుసీసా ఈ చలికాలం సగంల ఆగింది.
గీ మాట సుత రాసుకొమ్మన్న, సర్వేకొచ్చిన పిల్లను.
ఆమె కాయితంల 'ఇబ్బందులు' అని ఒకటే గడి ఉంది.

సీమచింత చెట్టుకు పసుపురంగుతో నలభై ఏడు అని రాసిండ్రు.
అదే డబ్బా, అదే కుంచె,
మా తలుపుకు నలభై ఎనిమిది.
చెట్టు శనివారం పోయింది, గంటన్నర రంపం.
పొద్దుమీకి చిలుకలొచ్చి
కొమ్మ ఉన్న జాగల గాలిని చుట్టి చుట్టి తిరిగినయి.
వాటికెవ్వరు నోటీసియ్యలే.
ఒక్క చెట్టుకు పది మొక్కలు పెడతరంట,
శామీర్‌పేట దిక్కు ఎక్కడనో.
చిలుకలకు ఎవరన్న అడ్రసు చెప్పుండ్రి.

పట్టాల అవతల ఖుర్షీద్ ఆపా.
చెప్పుల్లేకుంటనె పోయేదాన్ని,
కంకర కాలేటాలకు ఆమె కడప తగిలేది.
ఆమె తహారీ గిన్నె ఇటొస్తే
ఖాళీగ పంపొద్దని సర్వపిండో, చింతచిగురో పెట్టి పంపేదాన్ని.
ఇప్పుడు నడుమ గోడ.
కాదనను. బాలకిష్టయ్య కొడుకు
చెవుల్ల పాటలు పెట్టుకొని దాటిన నాడు
గోడ కట్టుండ్రని మొత్తుకున్నోళ్ళల్ల నేనొకదాన్ని.
ఇగ తొవ్వ కిలోమీటరున్నర, సబ్‌వే కిందికెళ్ళి.
వాన పడితే అండ్ల మోకాలి మంటి నీళ్ళు.
ఆపా గిన్నె మా ఇంట్లనే ఉండిపోయింది,
ఖాళీగ ఎట్ల పంపాలె,
నింపి ఎట్ల మోయాలె.

నడిరాత్రి కంకర సదిరే మిషనొస్తది,
ఇనుప పండ్లు నేలల దింపి నములుకుంట.
"ఎవరే తలుపు కొడుతున్నరు" అంటది అత్త నిద్రల.
తలుపు కాదత్తా, నేల.

మా నవనీత మాత్రం ఆరు నలభై బండికి
తల దువ్వుకుంటనె ఉరుకుతది. హఫీజ్‌పేటల ల్యాబు కొలువు.
ఆటోకైతే జీతమంత తొవ్వకే. బండికి పది రూపాయలు.
మిగిలిన పైసలతోనే నా మిషనుకు మోటరు పెట్టించింది.
మమ్ముల కుదిపే బండి, మాకు తినవెట్టే బండి ఒకటే.
ఇది ఏ గడిల రాయాలె పిల్లా?

నిన్న ఇంజనీరు పిలగాడు మల్ల వచ్చిండు.
టార్చి కొట్టి చూసిండు.
"గాజు మంచిగుంది, గోడకేం కాలే" అని రాసుకొని పోయిండు.

ఆయన పెట్టిన గాజు నా సూదుల డబ్బల ఉంది,
రెండు ముక్కలు.
పగిలితే పైసలిస్తరో, నలభై ఎనిమిదినే తీస్తరో
ఎవరు చెప్పలే నాకు.
పాత ఫోటో అద్దం కోపించి అతికిచ్చిన.
తేదీ సుత నేనే రాసిన,
జాకిట్లకు గుర్తులు పెట్టే ఎర్ర పెన్సిలుతో.

పొద్దుగాల ఆరు నలభై బండి, అండ్ల నా బిడ్డ.
అరచెయ్యి గాజు మీద ఆనించి నిలవడ్డ.
జ్వరమొచ్చిన పసిపిల్ల వీపు లెక్క
సన్నగ వణికి
ఊకున్నది.